ఏ ఎయిర్‌పోర్ట్ హాయి, ఏది తలనొప్పి? షంషాబాద్ నుంచి తరచూ ఎగిరే మనోళ్ల రివ్యూ

ఫోన్ రివ్యూల్లో రెండు రకాలుంటాయని మన రెగ్యులర్ రీడర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బాక్స్ ఓపెన్ చేసిన రోజు రాసేది ఒకటి, ఆరు నెలలు జేబులో వేసుకుని తిరిగాక రాసేది ఇంకోటి. మొదటి దాంట్లో కెమెరా డిజైన్ గురించి నాలుగు పేరాలుంటాయి. రెండో దాంట్లో మధ్యాహ్నం మూడింటికే చార్జింగ్ ఎందుకు అయిపోతోందో ఉంటుంది. ఎయిర్‌పోర్ట్‌ల గురించి మనం చదివేవన్నీ దాదాపు మొదటి రకమే. జలపాతం ఎంత ఎత్తు, లాంజ్ ఎంత లగ్జరీ, డ్యూటీ ఫ్రీలో ఏం దొరుకుతుంది, అంతే.

అందుకే రెండో రకం రివ్యూ రాద్దామనుకున్నా. మౌలాలిలో మా వీధిలో, తార్నాక టీ కొట్టు దగ్గర, ఓయూ క్యాంపస్‌లో తెలిసిన సీనియర్ల దగ్గర ఒకటే ప్రశ్న వేశా: మీకు బాగా నచ్చిన ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ ఏది, అస్సలు నచ్చనిది ఏది? సమాధానం చెప్పినవాళ్లు మూడు రకాలు. ఆన్‌సైట్ పని మీద తిరిగే సాఫ్ట్‌వేర్ వాళ్లు. అమెరికాలో చదువుతున్న, పనిచేస్తున్న పిల్లలు, వాళ్ల దగ్గరకి వెళ్లొచ్చే అమ్మానాన్నలు. గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు. షాపింగ్ గురించి మొదట మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ చెప్పింది ఇదే: ఎన్ని చోట్ల నిలబడ్డాం, ఎంతసేపు నిలబడ్డాం, కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు మన పాస్‌పోర్ట్ చూసి ఏం అడిగారు.

స్కైట్రాక్స్ 2025 లిస్టులో సింగపూర్ ఛాంగీ నంబర్ వన్, అదీ 13వ సారి. రెండోది దోహా హమద్, మూడోది టోక్యో హనేదా. ఆ లిస్టుతో గొడవేం లేదు. కానీ మన చేతిలో ఉన్నది ఇండియన్ పాస్‌పోర్ట్, మనం బయల్దేరేది హైదరాబాద్ నుంచి. ఆ కండిషన్లలో టెస్ట్ చేస్తే స్కోర్లు మారిపోతాయి.

ముందు ఇంటిది: షంషాబాద్

రాజీవ్ గాంధీ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ 2008 మార్చి 23న మొదలైంది. అదే రోజు బేగంపేట నుంచి ప్యాసింజర్ ఫ్లైట్లు ఆగిపోయాయి. సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, మార్చి 27న, లండన్ హీత్రూలో టెర్మినల్ 5 ఓపెన్ అయింది. అక్కడ బ్యాగేజ్ సిస్టమ్ మొదటి రోజే చేతులెత్తేసింది. వేలాది బ్యాగులు ఇరుక్కుపోయాయి, వందల ఫ్లైట్లు క్యాన్సిల్ అయ్యాయి. ప్రొడక్షన్‌లో పెట్టాక బగ్స్ బయటపడటం అంటే ఏంటో మన ఫీల్డ్ వాళ్లకి వేరే చెప్పాలా? అలాంటి ఓపెనింగ్‌తో పోలిస్తే మనది చాలా స్మూత్.

టెక్ విషయంలో షంషాబాద్ మంచి మార్కులే కొడుతుంది. దేశంలో ఈ-బోర్డింగ్ ముందుగా తెచ్చింది ఇక్కడే, 2015లో. ప్రింట్ లేకుండా ఫోన్‌లో బోర్డింగ్ పాస్ చూపించి వెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది గానీ, అప్పట్లో అది వార్త. 2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైన డిజీయాత్ర 2023లో ఇక్కడికీ, విజయవాడకీ వచ్చింది. ఆధార్‌తో ఒకసారి రిజిస్టర్ చేసుకుని సెల్ఫీ ఇస్తే, ఆ వివరాలు మన ఫోన్‌లోనే ఉంటాయి. ప్రయాణం ముందు బోర్డింగ్ పాస్‌తో కలిపి ఎయిర్‌పోర్ట్‌కి షేర్ చేస్తాం. ఫ్లైట్ వెళ్లిన 24 గంటల్లో ఎయిర్‌పోర్ట్ సర్వర్ల నుంచి అది తీసేయాలనేది రూల్. రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఇది కంపల్సరీ కాదు, వద్దంటే మామూలు లైన్‌లో వెళ్లొచ్చు. రెండోది, ఇది తెచ్చింది డొమెస్టిక్ ప్రయాణాల కోసం. దుబాయ్ టికెట్ పట్టుకుని డిజీయాత్ర గేటు దగ్గర నిలబడితే టైం వేస్ట్.

ఇంటర్నేషనల్‌కి పనికొచ్చేది వేరే ఉంది. ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్, ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్. 2024 జూన్ 22న ఢిల్లీలో మొదలైంది, 2025 జనవరి 16న హైదరాబాద్‌తో కలిపి ఇంకో ఏడు ఎయిర్‌పోర్ట్‌లకు వచ్చింది. ఇండియన్ సిటిజన్లు, ఓసీఐ కార్డున్నవాళ్లు ఆన్‌లైన్‌లో అప్లై చేసి, ఒకసారి వేలిముద్రలు, ఫోటో ఇస్తే చాలు. ఆ తర్వాత ఈ-గేటు దగ్గర బోర్డింగ్ పాస్, పాస్‌పోర్ట్ స్కాన్ చేసి ముఖం చూపించి వెళ్లిపోవడమే. అప్రూవల్ ఐదేళ్లు, లేదా పాస్‌పోర్ట్ ఎక్స్‌పైరీ దాకా, ఏది ముందైతే అది. తరచూ తిరిగేవాళ్లు అప్లై చేయకుండా ఉండటానికి నాకైతే కారణం కనిపించట్లేదు.

ఇక మైనస్. ఎయిర్‌పోర్ట్ లోపల అంతా బాగుంది, అక్కడికి చేరడమే కష్టం. మెహిదీపట్నం వైపు వాళ్లకి 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. మనకేమో ఉప్పల్ చౌరస్తా ఉంది. మౌలాలి నుంచి షంషాబాద్ అంటే ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి, 30 కిలోమీటర్లకు పైనే. సికింద్రాబాద్ నుంచి తార్నాక, ఉప్పల్, ఎల్బీ నగర్ మీదుగా వెళ్లే పుష్పక్ బస్సే మనలాంటి వాళ్లకి దిక్కు. 2024 మార్చిలో మౌలాలి–సనత్‌నగర్ లైన్‌లో ఎంఎంటీఎస్ మొదలైంది, సంతోషం. అటు ఉందానగర్‌లోనూ స్టేషన్ ఉంది. కానీ పట్టాలు టెర్మినల్ గుమ్మం దాకా పోవు. తార్నాకలో మెట్రో ఎక్కినా ఎయిర్‌పోర్ట్‌లో దిగలేం. హీత్రూకి మెట్రో రైలు 1977లోనే వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో టెర్మినల్ కిందే రైల్వే స్టేషన్. ఢిల్లీకి ఎయిర్‌పోర్ట్ లైన్ 2011లో వచ్చింది. రాత్రి రెండింటి ఫ్లైట్‌కి సాయంత్రం ఏడింటికే ఇంట్లోంచి బయల్దేరే మనోళ్లని అడగండి, ఈ పాయింట్ ఎంత పెద్దదో చెప్తారు.

నచ్చిన వాటిలో టాప్: ఛాంగీ, కానీ వేరే కారణానికి

రెండు మూడు నెలలకోసారి సింగపూర్ వెళ్లొచ్చే ఫ్రెండ్ ఒకడున్నాడు. ఛాంగీ ఎందుకు ఇష్టమని అడిగితే జ్యువెల్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. "టెర్మినల్ 1, 2, 3లలో సెక్యూరిటీ చెక్ గేటు దగ్గరే ఉంటుంది బ్రో" అన్నాడు. అంటే ఎంట్రీ దగ్గర వేలమంది ఒకే లైన్‌లో పడరు. ఎవరి ఫ్లైట్ వాళ్లది, ఎవరి గేటు వాళ్లది. లోడ్ బ్యాలెన్సింగ్ లాంటిదన్నమాట. టెర్మినల్ 4లో మాత్రం అందరికీ ఒకే చోట చెకింగ్. 2024 నుంచి తిరిగి వెళ్లేటప్పుడు ఫారినర్లు కూడా పాస్‌పోర్ట్ తీయకుండా ముఖం, కంటి స్కాన్‌తో ఇమిగ్రేషన్ దాటొచ్చు. పైగా సినిమా హాల్ ఫ్రీ.

జలపాతం సంగతికొస్తే, 2019లో తెరిచిన జ్యువెల్‌లో ఉన్న ఆ రెయిన్ వోర్టెక్స్ 40 మీటర్ల ఎత్తు, ఇండోర్‌లో ప్రపంచంలోనే పెద్దది. ఇన్‌స్టాలో చూసి అందరూ ట్రాన్సిట్‌లో చూసేద్దామనుకుంటారు. చాలామందికి తెలియనిదేంటంటే, జ్యువెల్ ఇమిగ్రేషన్ దాటాక ఉంటుంది. అంటే లోపలికి వెళ్లాలంటే సింగపూర్‌లోకి ఎంటర్ అయ్యే అర్హత ఉండాలి. అమెరికా లాంటి కొన్ని దేశాల వీసా ఉన్న ఇండియన్లకు షరతుల మీద 96 గంటల వీసా ఫ్రీ ట్రాన్సిట్ ఇస్తారు. అది లేనివాళ్లు టెర్మినల్ 2, 3 మధ్య తిరిగే స్కైట్రెయిన్ ఎక్కాలి. ఆ రైలు జలపాతం పక్కనుంచే పోతుంది. కిటికీలోంచి వీడియో తీసుకోవడానికి కొన్ని సెకన్లు దొరుకుతాయి. ఒకే జలపాతం, ఒక పాస్‌పోర్ట్‌కి పక్కన కూర్చుని కాఫీ, ఇంకో పాస్‌పోర్ట్‌కి అద్దంలోంచి దర్శనం. ర్యాంకింగులు చూపించని సంగతి ఇదే.

దోహా: అమ్మానాన్నల ఫేవరెట్

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకి ఒంటరిగా వెళ్లొచ్చిన పెద్దవాళ్లలో ఎక్కువమంది దోహాకి ఓటేశారు. కారణం సింపుల్. 2014లో ఓపెన్ అయిన హమద్ ఎయిర్‌పోర్ట్‌లో ప్యాసింజర్ టెర్మినల్ ఒక్కటే. బస్సెక్కి ఇంకో టెర్మినల్‌కి పోవడం, మళ్లీ బయటికొచ్చి లోపలికి వెళ్లడం లేదు. నడక మాత్రం తక్కువేం కాదు.

మధ్యలో ఉర్స్ ఫిషర్ చేసిన ఏడు మీటర్ల పసుపు రంగు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, తల మీద దీపంతో. ఆర్ట్ లవర్స్‌కి అది శిల్పం. మనోళ్లకి అది ల్యాండ్‌మార్క్. ఇక్కడ ట్యాంక్‌బండ్ మీద బుద్ధుడి దగ్గర కలుద్దాం అన్నట్టు, "అమ్మా, పచ్చ ఎలుగుబంటి కనిపించాక నాకు ఫోన్ చెయ్" అని చెప్పొచ్చు. ఇంగ్లీష్ బోర్డులు చదవలేని మనిషికి అలాంటి గుర్తు ఒకటుంటే సగం ధైర్యం.

ఇంకో మాట. మనవైపు నుంచి వెళ్లే పెద్దవాళ్లలో నడవగలిగినా వీల్‌చెయిర్ బుక్ చేసుకునేవాళ్లు చాలామంది. దీని మీద సోషల్ మీడియాలో జోకులు పడుతుంటాయి. నాకు అది జోక్‌లా అనిపించదు. భాష రాని చోట, నాలుగు గంటల్లో కనెక్షన్ పట్టుకోవాల్సిన టైంలో, చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లే మనిషి కావాలి వాళ్లకి. చక్రాల కుర్చీ బుక్ చేస్తే ఆ మనిషి వస్తాడు. దాంతో నిజంగా నడవలేనివాళ్లకి కుర్చీలు తక్కువ పడుతున్నాయి, అదీ నిజమే. తప్పు ఆ తల్లిదండ్రులది అనే బదులు, గేటు దాకా తోడొచ్చే సర్వీస్ వేరేగా ఎందుకు లేదని అడగాలి. ఆ ఫీచర్ పెట్టిన ఎయిర్‌పోర్ట్‌కి నేనైతే జలపాతం ఉన్నదానికంటే ఒక స్టార్ ఎక్కువిస్తా.

దుబాయ్: ఒకరికి పండగ, ఇంకొకరికి పరీక్ష

2024లో దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌లో 9.23 కోట్ల మంది ప్రయాణించారు. అందులో సుమారు 1.2 కోట్లు ఇండియా ట్రాఫిక్, అన్ని దేశాల్లో మనదే ఫస్ట్. టెర్మినల్ 3 బాగుంటుంది, ఫ్రీ వైఫై ఉంది, మెట్రో ఉంది. టెర్మినల్ 2 మాత్రం రన్‌వేలకు అవతలి వైపు, దానికి మెట్రో లేదు. కనెక్షన్ ఉంటే టికెట్‌లో టెర్మినల్ నంబర్ తప్పకుండా చూస్కోండి.

ఫోన్ విషయంలో ఒక షాక్. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు పోతాయి గానీ, వాయిస్, వీడియో కాల్స్ పనిచేయవు. "దిగాక వాట్సాప్‌లో కాల్ చేస్తా" అని బయల్దేరిన నాన్న ఫోన్ కలవక, ఇక్కడ ఇంట్లోవాళ్లు రాత్రంతా కంగారు పడ్డ సందర్భాలు మా వీధిలోనే ఉన్నాయి. వాయిస్ నోట్ పంపడం నేర్పించండి, పనైపోతుంది.

జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకి మాత్రం భయం దుబాయ్‌లో కాదు, షంషాబాద్‌లోనే మొదలవుతుంది. పదో తరగతి పాసవ్వనివాళ్లకి మామూలుగా ఈసీఆర్ పాస్‌పోర్ట్ వస్తుంది. దాంతో యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ సిస్టమ్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. ఏజెంట్ మాట నమ్మి విజిట్ వీసా మీద పనికి బయల్దేరినవాళ్లు కౌంటర్ దగ్గర ఆగిపోవచ్చు. అప్పటికే అప్పు చేసి కట్టిన డబ్బు ఏజెంట్ జేబులో ఉంటుంది. ఆగకుండా వెళ్లిపోతే ఇంకా కష్టం, అక్కడ కాగితం మీద వాళ్లకి ఉద్యోగమే ఉండదు. ఒకే ఇమిగ్రేషన్ హాల్లో ఒకరు ఈ-గేటులోంచి క్షణాల్లో పోతారు, పక్క లైన్‌లో ఒకరి ఐదేళ్ల బతుకు ఒక స్టాంపు మీద ఆగి ఉంటుంది.

నచ్చని లిస్టు: హీత్రూ, ఇంకా అమెరికాలో దిగే మొదటి ఎయిర్‌పోర్ట్

హీత్రూ మీద కంప్లైంట్లన్నీ టెర్మినల్ మార్పు గురించే. ప్రస్తుతం 2, 3, 4, 5 టెర్మినళ్లు నడుస్తున్నాయి. ఒక దాంట్లో దిగి ఇంకో దాంట్లో ఎక్కాలంటే బస్సు, మళ్లీ సెక్యూరిటీ. డైరెక్ట్‌గా లండన్‌కే వెళ్లేవాళ్లు మాత్రం హీత్రూని ఏమీ అనలేదు. టెర్మినల్ దిగువనే రైలెక్కి సిటీలోకి పోవచ్చు కదా. అంటే అదే ఎయిర్‌పోర్ట్‌కి ఒకరు నాలుగు స్టార్లు, ఇంకొకరు ఒకటిన్నర. తేడా అంతా టికెట్‌లో ఉంది.

అమెరికా సంగతి వేరు. డాలస్ అయినా, న్యూయార్క్ జేఎఫ్‌కే అయినా, మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. మామూలుగా బ్యాగులు అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలి, ఆపైన సెక్యూరిటీ మళ్లీ. జేఎఫ్‌కేలో టెర్మినల్ మారాలంటే బయటికొచ్చి ఎయిర్‌ట్రెయిన్ ఎక్కాలి. కనెక్షన్‌కి గంటన్నర గ్యాప్ పెట్టుకుంటే గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తడమే. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకి ఎయిర్ ఇండియా నాన్‌స్టాప్ మొదలైంది గానీ, అది నిలవలేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట మారక తప్పదు.

దీనికి ఒక బైపాస్ అబుదాబి. 2014 జనవరి నుంచి అక్కడే అమెరికా అధికారులు ఇమిగ్రేషన్, కస్టమ్స్ చూసేస్తారు. అక్కడ పాసైతే అమెరికాలో డొమెస్టిక్ ప్యాసింజర్‌లా దిగి వెళ్లిపోవచ్చు. అందుకే తరచూ తిరిగే హెచ్-1బీ వాళ్లకి అబుదాబి అంటే ప్రాణం. మొదటిసారి వెళ్లే స్టూడెంట్‌కి మాత్రం అదే పరీక్ష నాలుగు గంటల ప్రయాణం తర్వాత నిద్రకళ్లతో రాసినట్టు.

ఆ పరీక్షలో ఇప్పుడు మన ఫోన్ కూడా ఒక పేపర్. 2023 ఆగస్టులో అట్లాంటా, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన 20 మందికి పైగా ఇండియన్ స్టూడెంట్లను వెనక్కి పంపేశారు. అందులో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల వాట్సాప్ చాట్లు, మెయిళ్లు చూశారని వార్తలొచ్చాయి. అలా అని ప్రతి ఫోనూ చూస్తారని భయపడక్కర్లేదు. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా సరిహద్దు అధికారులు తనిఖీ చేసిన డివైజ్‌లు సుమారు 47 వేలు, వచ్చినవాళ్లలో 0.01 శాతం లెక్క. పాస్‌వర్డ్ ఇవ్వనంటే విజిటర్లకు ఎంట్రీ నిరాకరించే అవకాశం ఉంది. కాబట్టి కన్సల్టెన్సీ వాడు వాట్సాప్‌లో పంపిన ఉచిత సలహాలకీ, మీ ఐ-20లో రాసినదానికీ పొంతన లేకపోతే, సమస్య ఫోన్‌లో ఉన్నట్టు కాదు, ప్లాన్‌లోనే ఉన్నట్టు. దాన్ని షంషాబాద్‌కి వెళ్లకముందే సరిచేసుకోండి.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి?

గాడ్జెట్ సైట్‌లో ఈ సెక్షన్ లేకపోతే మీరు ఊరుకోరు.

పవర్ బ్యాంక్: చెకిన్ లగేజీలో అస్సలు వద్దు, చేతి సంచిలోనే. ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్ వస్తుంది. 20,000 ఎంఏహెచ్ అంటే 74. లిమిట్ 100, ఆపైన 160 దాకా ఎయిర్‌లైన్ పర్మిషన్ కావాలి. 2025 జనవరిలో కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం మంటల్లో కాలిపోయాక రూల్స్ టైట్ అయ్యాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో 2025 ఏప్రిల్ నుంచి, ఎమిరేట్స్‌లో అక్టోబర్ నుంచి ఫ్లైట్‌లో పవర్ బ్యాంక్ వాడకూడదు. ఎమిరేట్స్‌లో మనిషికి ఒక్కటే.

ట్రాకర్ ట్యాగ్: సీటా రిపోర్ట్ ప్రకారం 2024లో ప్రతి వెయ్యి మంది ప్రయాణికులకి 6.3 బ్యాగులు దారి తప్పాయి. లేటైన బ్యాగుల్లో 41 శాతం కనెక్షన్ దగ్గర మిస్ అయినవే. ఐఓఎస్ 18.2 నుంచి ఎయిర్‌ట్యాగ్ లొకేషన్ లింక్‌ని నేరుగా ఎయిర్‌లైన్‌కి షేర్ చేయొచ్చు. ఆండ్రాయిడ్ వాళ్లకి గూగుల్ నెట్‌వర్క్‌తో పనిచేసే ట్యాగులున్నాయి.

అడాప్టర్: సింగపూర్, దుబాయ్, దోహా, లండన్ అన్నిటికీ ఒకటే, మూడు చదరపు పిన్నులది. అమెరికాకి వేరే.

పేపర్ కాపీ: నవ్వకండి. బోర్డింగ్ పాస్, అక్కడ ఉండే అడ్రస్, పిల్లల ఫోన్ నంబర్ కాగితం మీద ఉండాలి. అమ్మానాన్నల ఫోన్‌లో ఇవే ఫోటోలు గ్యాలరీలో మొదట కనిపించేలా పెట్టండి. మన దేశంలో చాలా ఎయిర్‌పోర్ట్ వైఫైలు ఓటీపీ అడుగుతాయి. రోమింగ్ లేని సిమ్‌కి బయట దేశాల్లో ఆ ఓటీపీ రాదు.

ఫైనల్ వెర్డిక్ట్

నచ్చినవి: ఛాంగీ, దోహా, తరచూ తిరిగేవాళ్లకి అబుదాబి. నచ్చనివి: టెర్మినల్ మారాల్సి వస్తే హీత్రూ, బ్యాగులతో మళ్లీ మొదలుపెట్టించే అమెరికా ఫస్ట్ స్టాప్. దుబాయ్‌కి, షంషాబాద్‌కి ఒక్క స్కోర్ ఇవ్వలేను. వెళ్లేవాడి చేతిలో ఏ కాగితం ఉందో చూసి ఇవ్వాలి.

ఇంతమందిని అడిగాక నాకు అర్థమైంది ఒక్కటే. మంచి ఎయిర్‌పోర్ట్ అంటే, తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసేది. అందుకే ఈసారి ఇంట్లోవాళ్లకి టికెట్ బుక్ చేసేటప్పుడు ధర పక్కన ఇంకో మూడు కాలమ్స్ పెట్టుకోండి: ఎన్నిసార్లు దిగాలి, ఎన్నిసార్లు టెర్మినల్ మారాలి, మధ్యలో ఎన్ని గంటలు. ఐదారు వేలు ఎక్కువైనా ఆ మూడు అంకెలు చిన్నగా ఉన్న టికెట్టే తీసుకోండి. మీరైతే పరిగెత్తగలరు. మీ అమ్మ పరిగెత్తలేదు.